పాలు సరి లేదు

షిఫ్టు మారే వేళ కూసే మిల్లు సంగు ఇంకా ఊదనే లేదు, రంగసామి నాయుడు అప్పటికే తలస్నానం చేసి, చలవ పంచె కట్టుకుని, వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పత్తి బేరం చేసే మనిషికి పొద్దున్నే అంత తొందర ఉండదు. పత్తి ఎక్కడికీ పారిపోదు. పారిపోయే ఆలోచనలో ఉన్నది ఆయనే.

"పట్నం పోయి వస్తాను. పత్తి శాంపిలు చూడాల," అన్నాడు భార్యతో, ఆవిడ మొహంలోకి చూడకుండా.

సుందరవల్లి అప్పుడే పాలు పితికి లేచింది. రోజూ చేసినట్టే బొటనవేలి గోటిమీద ఒక చుక్క వేసి చూసుకుంది. చుక్క కదలకుండా నిలబడింది, నీళ్ళు కలిసిన పాలైతే జారిపోయేది. "శాంపిలు చూసేదానికి చలవ పంచె ఏల?" అంది.

రంగసామి దగ్గాడు.

"సరి, పోయేది పోతావు, మెత్తని గుడ్డ దొరికితే తీసుకొని రా. మా తమ్ముడు నాగరాజన్ పెండ్లాం కాన్పుకు నేనే పోవాల. ఆ పిల్లకి తల్లి లేదు కదా."

"దానికి ఇంకా నెల ఉండాది కదా," అంటూనే ఆయన వీధిలో పడ్డాడు.

కోయంబత్తూరు పక్కన పోదనూరు స్టేషనుకు అవతల, నూలు మిల్లు గోడ వెనక ఉన్న ఆ వీధిలో దాదాపు అందరూ తెలుగువాళ్ళే. తాతముత్తాతలు ఎప్పుడో ఆంధ్ర దేశం వదిలి వచ్చారు. ఎందుకు వచ్చారో ఎవరికీ గుర్తులేదు గాని, వస్తూ తెచ్చుకున్న మాటల్ని మాత్రం పాత ఇత్తడి సామాను వాడుకున్నట్టు వాడుకుంటూనే ఉన్నారు. బడిలో తమిళం, మిల్లులో తమిళం, అంగట్లో తమిళం. వంటింట్లోనూ పోట్లాటలోనూ తెలుగు. ఆ పాత మాటల్లో 'పాలు' ఒకటి. అంటే వాటా. పొలం పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది ఒక పాలు. కాబట్టి కంపెనీలో షేరు కొన్నా వాళ్ళ లెక్కలో అది పాలే. పొద్దున కాఫీలో పోసుకునేదీ పాలే.

ఆంధ్రాలో అయితే ఇందులో చిక్కేమీ లేదు. 'పాలు లేవు' అంటే గిన్నె ఖాళీ. 'పాలు లేదు' అంటే వాటా లేదు. ఆ చివరి మాట పట్టుకుని ఏ పాలో చెప్పేయవచ్చు. ఈ వీధి తమిళం మధ్య ఇన్ని తరాలు బతికి బతికి, రెండింటికీ 'లేదు' అనేయడం అలవాటు చేసుకుంది. దానివల్ల ఎవరికీ ఎప్పుడూ నష్టం కలగలేదు. నష్టం కలగాలంటే ముందు కంపెనీలు రావాలి కదా.

వచ్చాయి. కోయంబత్తూరులో మిల్లుల వెనకే పంపులు మొదలయ్యాయి. కావేరి పంపు కంపెనీవాళ్ళు ఒక కొత్త ఫుట్‌వాల్వు కనిపెట్టారు. బావిలో గొట్టం అడుగున ఉండే ఇత్తడి రెక్క అది. మామూలు పంపుకు రోజూ పొద్దున ఒక బిందెడు నీళ్ళు తాగిస్తే గాని అది నీళ్ళు తోడదు. గొట్టంలో ఉన్నదంతా రాత్రికి రాత్రే కిందికి జారిపోతుంది. ఈ రెక్క ఉంటే జారదు. రైతులు ఎగబడి కొన్నారు. రంగసామి తన దొడ్లో ఒకటి పెట్టించుకుని, అది చూపించి ఇంటింటికీ ప్రచారం చేశాడు. "పేటెంటు అంటే ఏమనుకున్నారు? కనిపెట్టినవాని పేరున సర్కారు రాసిచ్చే పట్టా. ఇంకెవురూ ఆ రెక్క చెయ్యరాదు. చేస్తే జైలే!" అని చెప్పి, వీధి వీధంతా కావేరిలో పాలు కొనేలా చేశాడు. మిల్లులో దూది ఏరే పాపమ్మాళ్ అత్త చేతి కడియాలు అమ్మి మరీ కొంది. సుందరవల్లి గేదెల మీద వచ్చిన డబ్బుతో తన పేరున కొంత కొంది. రంగసామి అయితే పత్తిలో ఇన్నేళ్ళూ వెనకేసిందంతా తీసుకెళ్ళి అందులోనే పోశాడు.

ఆ తర్వాత జయం పంపు కంపెనీవాళ్ళు లేచి, ఆ రెక్క తమదని, తమ ఇంజినీరు గీసిన బొమ్మను కావేరివాళ్ళు కాజేశారని మద్రాసులో దావా వేశారు. కావేరి ఓడిపోతే పేటెంటు రద్దు, అమ్మిన ప్రతి పంపుకూ జరిమానా, ఫౌండ్రీకి తాళం. వీధివాళ్ళు దాచుకున్న పాలు పొట్లాలు కట్టుకోవడానికి పనికివస్తాయి. తీర్పు ఆ రోజే.

సుందరవల్లి తమ్ముడు నాగరాజన్ మద్రాసులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. తీర్పు వినగానే ఫోన్ చేస్తానన్నాడు. వీధి మొత్తానికి ఉన్నది ఒక్క ఫోను, కరుప్పన్ కాఫీ క్లబ్బులో. అక్కడ మాట్లాడటమూ దండోరా వేయించడమూ ఒకటే. అందుకని బావా బామ్మర్దులిద్దరూ ఒక గుర్తు పెట్టుకున్నారు. కావేరి గెలిస్తే 'పాలు పొంగింది'. ఓడితే 'పాలు సరి లేదు'. ఎవరు విన్నా గేదెల సంగతి అనుకుంటారు. ఓడిన కబురు వస్తే, అది ఊళ్ళో పొక్కకముందే రంగసామి పట్నంలో ఒప్పనక్కార వీధికి పోయి, బ్రోకరు దగ్గర తన పాలు అమ్మేసుకుని చల్లగా ఇంటికొస్తాడు.

మరి వీధి గతి? వీధికి చెబితే అందరూ ఒక్కసారిగా అమ్మకానికి పడతారు, ధర పడిపోతుంది, ఎవరికీ ఏమీ దక్కదు. అందరూ మునిగే బదులు ఒక్కడైనా గట్టెక్కడం మేలు కదా అని రంగసామి రాత్రంతా మనసుకు నచ్చజెప్పుకున్నాడు. ఆ ఒక్కడూ తానే కావడం దేవుడి చిత్తం.

కరుప్పన్ క్లబ్బులో ఫోనుకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గాని, కాసేపు బెంచీ అంచుకు జరిగాడు, కాసేపు లేచి గోడ మీది క్యాలెండరు చదివాడు, ఒక కాఫీ తాగాడు, మళ్ళీ ఇంకొకటి, ఆ పైన ఇంకొకటి చెప్పాడు. ఫోను నల్లగా, చప్పుడు లేకుండా కూర్చుని ఉంది. కరుప్పన్ తమిళుడు. తెలుగు వీధిలో కాఫీ పోసి పోసి సగం తెలుగు నేర్చుకున్నాడు. ఆ సగం ఏదన్నది మాత్రం ఎవరికీ తెలీదు, ఆయనకూ తెలీదు. క్లబ్బుకు పాలు సుందరవల్లి ఇంటివే. 'ఇక్కడ చిక్కని గేదె పాల కాఫీ దొరకును' అని తమిళంలో బోర్డు కూడా రాయించాడు.

"ఎన్నంగ నాయుడూ, ఇదు నాలుగో కాఫీ. ఒడంబు, ఒళ్ళు బాగుందా?" అని అడిగాడు కరుప్పన్.

"బాగుంది, బాగుంది. పొయ్యి," అన్నాడు రంగసామి.

మధ్యాహ్నం సంగు వేళకు వాకిట్లో పాపమ్మాళ్ అత్త ప్రత్యక్షమైంది. రాత్రి షిఫ్టు దిగి ఇంకా పడుకోలేదు, జుట్టంతా దూది. "రంగసామీ, ఇట్ల రా నాయినా," అని పిలిచింది. ఆవిడ గొంతు ఫోను కన్నా గట్టిది. కేసు మాట క్లబ్బులో పడకుండా ఉండాలని రంగసామి ఆవిడను రోడ్డు అవతలికి నడిపించుకుపోయాడు.

"తీర్పు నేడే అని మిల్లులో చెప్పుకుంటా ఉండారు. మన పాలుకి ఏమీ కాదు కదా?"

"నేనుండగా ఏమౌతుంది అత్తా? ఏమన్నా అయితే మొదట నీకే కదా చెప్పేది," అన్నాడు రంగసామి. ముసలావిడ కడియాలు లేని చేత్తో ఆయన బుగ్గలు పుణికింది. సరిగ్గా అప్పుడే మిల్లు సంగు అందుకుంది. ఆ సంగు ఊదినంతసేపు ఆ చుట్టుపక్కల పక్కమనిషి తిట్టినా వినపడదు.

సంగు ఆగింది. రంగసామి తిరిగి చూసేసరికి కరుప్పన్ ఫోను కింద పెడుతున్నాడు.

ఒక్క ఉరుకులో క్లబ్బులో పడ్డాడు. "ఎవురు? మెడ్రాసా? ఏమన్నాడు?"

"ఉంగ మచ్చానే, మీ బామ్మర్దే. సంగు సత్తంలో అంతా వినలేదుంగ," అన్నాడు కరుప్పన్. "'పాలు సరి లేదు' అన్నార్. అదు మట్టుం బాగా వినింది. అప్పురం 'అమ్మేయి, అమ్మేయి' అని రెండు తడవ అరిచినార్. అప్పురం 'పంపు, పంపు' అన్నార్. అంతే, లైను కట్టయింది."

రంగసామి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పాలు సరి లేదు, పంపు, అమ్మేయి. ఇంతకన్నా విడమరిచి ఏ వకీలు చెప్పగలడు? గుర్తు పెట్టుకున్న తర్వాత కూడా 'పంపు' అని నోరు జారిన బామ్మర్దిని మనసులోనే తిట్టుకుంటూ, కరుప్పన్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "కరుప్పా, నీకు పుణ్యముంటుంది. ఈ మాట ఎవురికీ చెప్పొద్దు. ఊరికి తెలిసేలోపల నేను అమ్మేసి వస్తాను," అని ఇంటికేసి పరుగందుకున్నాడు. పాల కాగితాలు ఇంట్లో పెట్టెలో ఉన్నాయి మరి.

ఆయన వెనక ఏం జరిగిందో ఆయనకు కాసేపటిదాకా తెలియలేదు. కరుప్పన్ మాత్రం అక్కడే నిలబడి, తనకొచ్చిన సగం తెలుగునూ కూడగట్టి ఆలోచించాడు. పాలు సరి లేదు. పంపు. ఊరికి తెలిసేలోపల అమ్మేయి. ఆ ఇంటి దొడ్లో కొత్త పంపుసెట్టు ఉంది. ఆ పంపు పక్కనే గేదెల పాక. ఇన్నాళ్ళూ తాను కాఫీ పొడి తక్కువ వేస్తున్నానని అనుకున్నాడు గాని, కాఫీ పలచబడటానికి అసలు కారణం ఇదన్నమాట! ఆయనకు కళ్ళు మండాయి. పొయ్యి మీది పాలగిన్నె దించి, అందరూ చూస్తుండగా మోరీలో కుమ్మరించాడు.

షిఫ్టు దిగిన మిల్లువాళ్ళు కాఫీకి వచ్చారు. "పాల్ ఇల్లే," అన్నాడు కరుప్పన్. ఏల లేదన్నారు. ఎవరికీ చెప్పొద్దన్న మాట కాబట్టి, ఒక్క తంగవేల్‌కు మాత్రం చెవిలో చెప్పాడు. తంగవేల్ పొద్దున ఆ క్లబ్బులోనే కాఫీ తాగి షిఫ్టుకు పోయినవాడు. వెంటనే కడుపు పట్టుకున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకడు పట్టుకున్నాడు. బావి నీళ్ళట అన్నది కాస్తా పాడుబావి నీళ్ళట అయింది, ఆ బావిలో ఏదో పడి చచ్చిందట అయింది, వీధి చివరికి చేరేసరికి ఏది పడిందో దాని పేరు కూడా తెలిసిపోయింది. ఆడవాళ్ళు పొద్దున పోయించుకున్న పాలు తెచ్చి వాకిళ్ళలో పారబోశారు. కుక్కలకు ఆ రోజు పండగ.

ఇంట్లో రంగసామికి వేరే తంటా వచ్చింది. పాల కాగితాలున్న పెట్టె మీద సుందరవల్లి కూర్చుని పాత చీరలు చింపి పసిబిడ్డ గుడ్డలు మడత పెడుతోంది.

"కొంచెం లెయ్యి, పెట్టె తియ్యాల. ఆ, ఆగు, నువ్వూ ఒక సంతకం పెట్టు. పాలు అమ్మేయాల," అన్నాడు రొప్పుతూ.

"పాలు పొద్దుననే అమ్మేసినాను కదా."

"అది కాదే, నీ పాలు! నీ పేరున ఉండేది!"

"ఎనుములన్నీ నా పేరుననే ఉండాయి. పాలమ్మేదానికి సంతకం ఏల? నీకేమన్నా ఎండ తగిలిందా?"

విడమరిచి చెబుదామని ఆయన నోరు తెరిచాడు. చెబితే వీధి సంగతి అడుగుతుంది. పాపమ్మత్తకు చెప్పినావా అంటుంది. తెరిచిన నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేలోపు వాకిట్లో గోల వినపడింది.

ముందు కరుప్పన్, వెనక కడుపు పట్టుకున్న తంగవేల్, వాళ్ళ వెనక ఖాళీ చెంబులతో వీధిలోని ఆడవాళ్ళు, అందరికన్నా వెనక ఏం జరిగిందో ఇంకా పూర్తిగా తెలీని పాపమ్మాళ్ అత్త. కరుప్పన్ సరాసరి దొడ్లోకి పోయాడు. గేదెల తొట్టిలోకి పంపు గొట్టం వేలాడుతోంది. రెక్క మంచిదేమో, ఇంకా బొట్లు బొట్లుగా నీళ్ళు పడుతున్నాయి. తొట్టి పక్కనే పాలబిందె బోర్లించి ఉంది.

"ఇదో పంపు! ఇదో పాల్ బిందె!" అని కేక వేశాడు కరుప్పన్. "ఇన్ని నాళ్ళు నాకు పాలని తణ్ణి, వట్టి నీళ్ళు పోసి ఏమాత్తినారే, మోసం చేసినారే, తాయీ!"

సుందరవల్లికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు బిగించింది. "నా పాలల్లో తణ్ణి ఉండాదని చెప్పే నాలుక ఏది? ముందుకు రమ్మను!"

"మీ తంబియే చెప్పినార్. ఫోన్‌లో. పాలు సరి లేదు, పంపు, అమ్మేయి అని," అన్నాడు కరుప్పన్.

"ఉన్న పాలు తెండి, గోటిమీద వేసి చూపిస్తాను."

పాలెక్కడివి? చెంబులూ గిన్నెలూ అన్నీ మోరీలోకి పోయాయి. "సరి, ఇప్పుడే మీ కండ్ల ముందర పితికి చూపిస్తాను," అని సుందరవల్లి చెంబు పట్టుకుని గేదె దగ్గర కూర్చుంది. తన చుట్టూ అంతమంది జనం మూగడం ఆ గేదె పుట్టి చూడలేదు. బెదిరిపోయి చేపడం మానేసింది. ఎంత నిమిరినా చుక్క రాలేదు.

"చూసినారా! ఎనుములో పాలే లేదు. అంతా పంపుదే!" అన్నాడు తంగవేల్, కడుపు వదిలేసి.

జనం ఓహో అన్నారు. సుందరవల్లి ఖాళీ చెంబుతో లేచి నిలబడింది. ఆవిడ పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ ఆ వీధికి పాలు పోస్తోంది. పసిబిడ్డలున్న ఇంటికి ముందు పోసి, మిగిలింది తన ఇంటికి ఉంచుకునేది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "సరి. రేపు సంతకు తోలేస్తాను అన్నిటినీ," అని మాత్రం అంది.

రంగసామి పెట్టె పక్కనే నిలబడి ఇదంతా చూస్తున్నాడు. చేతికి తాళంచెవి అందింది. కాగితాలు తీసుకుని వీధి గుమ్మం గుండా జారుకుంటే పట్నం బస్సు దొరుకుతుంది. ఎవరూ ఆయన వంక చూడటం లేదు. ఒక అడుగు వేశాడు కూడా. కాని భార్య కంటతడి చూడటం ఆయనకు అలవాటు లేదు. మామగారు పోయినప్పుడు కూడా ఆవిడ లోపలికి పోయి ఏడ్చింది. ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

"నిలపండి! ఆ పాలు ఈ పాలు కాదు!" అని అరిచాడు.

అందరూ తిరిగారు. "అంటే ఏ పాలు?"

"మన పాలు."

"మేము అడిగేదీ మన పాలునే కదా!"

"అయ్యో, తాగే పాలు కాదు. కొనిన పాలు!"

"మేము కొనే కదా తాగుతుండాము," అన్నాడు తంగవేల్.

రంగసామి తల పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇంట్లోని తెలుగు చాలక, వాటాకు తమిళ మాట అందుకున్నాడు. "పంగు! పంగు! కావేరి పంగు! కేసు ఓడిపోయినాము. పేటెంటు పోయింది. నేను నా పంగు అమ్ముకొని వచ్చేద్దామని చూసినాను. మీకు చెప్పకుండా. ఇంటిదాని పాలల్లో ఏ తప్పూ లేదు. తప్పంతా నాది."

సుందరవల్లి పాలు అగ్నిలో పడి తేలినంత పరిశుభ్రమైపోయాయి గాని, ఆ సంగతి ఇక ఎవరికీ పట్టలేదు. తంగవేల్ కడుపునొప్పి పోయి గుండెనొప్పి వచ్చింది. పాపమ్మాళ్ అత్త జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"ఏమన్నా అయితే మొదట నాకే చెప్తానన్నావే. ఇదా చెప్పేది?"

రంగసామి తలెత్తలేదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆవిడ తిట్టలేదు, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. మిగిలినవాళ్ళు ఆ లోటు తీర్చారు. ఆ తిట్లలో తెలుగూ తమిళమూ సమానంగా ఉన్నాయి.

తిట్లు కాస్త నెమ్మదించాక సుందరవల్లి కళ్ళు తుడుచుకుంది. "మా ఇంటాయన మాట నమ్మి మీరు పాలు కొన్నారు. ఆయన్ని కోసినా పైసా రాలదు. నా దగ్గర ఉండేది ఎనుములే. ఆ పాలు నాకియ్యండి. దానికి బదులు ఏడాదికి ఈ పాలు ఊరికే పోస్తాను," అంది.

"ఏమే, నీకు పైత్యమా!" అన్నాడు రంగసామి.

"నువ్వు మాట్లాడొద్దు."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చిత్తుకాగితానికి ఏడాది పాలు! ఎవరికి చేదు? ఇళ్ళకు పరుగెత్తి కాగితాలు తెచ్చారు. కరుప్పన్ కూడా గల్లాపెట్టె అడుగునుంచి ఒకటి తీశాడు, ఆయనా కొన్నాడన్న సంగతి అప్పుడే తెలిసింది. సంతకాలు వచ్చినవాళ్ళు తమిళంలో సంతకం పెట్టారు, రానివాళ్ళు వేలిముద్ర వేశారు. పాపమ్మాళ్ అత్త మాత్రం కాగితం గట్టిగా పట్టుకుని, "మొదట రంగసామి ఇయ్యని, అప్పుడు నేనిస్తాను," అంది. అందరూ చూస్తుండగా రంగసామి తన పాలన్నీ సంతకం పెట్టి పెళ్ళాం చేతిలో పెట్టాడు. సుందరవల్లి ఆ కట్టంతా పెట్టెలో పసిగుడ్డల కింద పెట్టి తాళం వేసింది. సాయంత్రానికి గేదెలు కుదుటపడి బాగా చేపాయి. వీధికంతా చెంబు నిండా పోసింది. ఆ హడావిడిలో సాయంత్రం పేపరు కొనే తీరిక ఎవరికీ లేకపోయింది.

మర్నాడు పొద్దున మళ్ళీ మద్రాసు నుంచి ఫోను వచ్చింది. ఈసారి కరుప్పన్ ఒక్క మాట కూడా విననన్నాడు. ఫోను బల్ల మీద పెట్టేసి, రంగసామిని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"బావా, అక్క రైలెక్కిందా?" అన్నాడు నాగరాజన్.

"ఏ రైలు?"

"ఏ రైలేమిటి? నిన్న గొంతు చించుకొని చెప్పినాను కదా! నెల ముందే కాన్పు అయిపోయింది. అమ్మాయి, అమ్మాయి అని రెండు తడవ చెప్పినాను. తల్లికి పాలు సరి లేదు, అక్కని పంపు, పంపు అన్నాను. ఎవురో సంగు ఊదినారు."

రంగసామి ఫోను చెవికి అదిమి పట్టుకున్నాడు. "మరి కేసు?"

"నిన్నంతా ఆసుపత్రిలోనే ఉన్నాను బావా, కోర్టుకే పోలేదు. కేసు గుర్తే లేదు. ఇందాకనే వకీలయ్య చెప్పినాడు. ఇంక నీకేం భయం లేదులే. పాలు పొంగింది!"

"ఏ పాలు?" అన్నాడు రంగసామి. అడిగి, కళ్ళు మూసుకున్నాడు. గెలిస్తే వీధి మళ్ళీ తన మీద పడుతుంది గనక, తల్లి పాలే అయి ఉండాలని, కావేరి ఓడిపోయి ఉండాలని, పెట్టుబడి పెట్టినవాడు ఎవడూ కోరని కోరిక కోరుకున్నాడు.

"రెండూ," అన్నాడు నాగరాజన్ సంతోషంగా. రెక్క కావేరిదేనని కోర్టు తేల్చిందట. జయంవాళ్ళు చేసే ప్రతి పంపుకూ ఇకమీదట కావేరికి కప్పం కట్టాలట. మద్రాసులో కావేరి పాలు ఎంత పెడతామన్నా దొరకడం లేదట.

రంగసామి ఫోను కింద పెట్టేసరికి క్లబ్బులో ఎవరూ లేరు. తాగుతున్న కాఫీలు తాగుతున్నట్టే వదిలేసి పోయారు. ఫోనులో నాగరాజన్ గొంతు అంత గట్టిది. పిల్ల పుట్టిన సంబరం కదా.

ఆయన ఇంటికి చేరేసరికి వాకిట్లో వరుస కట్టి ఉంది. అందరి చేతుల్లోనూ నిన్నటి చెంబులు. వాళ్ళు అడుగుతున్నది చాలా సబబుగానే ఉంది. "నీ పాలు నువ్వు తీసుకో సుందరవల్లీ, మా పాలు మాకియ్యి." తంగవేల్ ఇంట్లో రాత్రే తోడు పెట్టేశారు, పెరుగు తెచ్చాడు. కరుప్పన్ కాఫీ తెచ్చాడు. రంగసామికి ఏం చెయ్యాలో తోచలేదు. వంటింట్లోంచి ఖాళీ చెంబు ఒకటి తీసుకుని, వరుస చివర తనూ నిలబడ్డాడు.

వరుసవాళ్ళ నోట కబురు విని సుందరవల్లి మద్రాసు ప్రయాణానికి తయారై, పెట్టె మీద కూర్చుని ఉంది. మేనకోడలు పుట్టిన వెలుగు ఇంకా మొహం మీద ఉంది. వరుసలో ముందు నిలబడ్డ పాపమ్మాళ్ అత్త చెంబు చాచింది. నిన్న రాత్రి ఆవిడ బెల్లం వేసుకుని కడుపునిండా తాగడం వీధంతా చూసింది. ఇప్పుడు చెంబు మాత్రం అంచుదాకా నిండుగా ఉంది.

"తీసుకో తల్లీ. చుక్క ముట్టలేదు," అంది అత్త.

సుందరవల్లి చెంబులో వేలు ముంచి, బొటనవేలి గోటిమీద ఒక చుక్క వేసింది. చుక్క నిలబడలేదు. జర్రున జారి మణికట్టు దాకా పోయింది. ఆవిడ ఆ తడి వంక చూసింది, వరుసలో ఉన్న చెంబులన్నిటి వంకా చూసింది, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"పాలు సరి లేదు, అత్తా," అంది.